నడియేరు

పటం మీద హద్దు నడియేరే.
చుక్కా గీతా, చుక్కా గీతా,
ఇటు కృష్ణా, అటు గుంటూరు.
ఏ నెల్లో నడియేరో మాత్రం
ఎవరూ రాయలేదు.

మే నెల. నడియేట్లో గేదెలు పోతున్నాయి.
పుచ్చపాదుల కాపలావాళ్లు ఇసకలో గుంట తీసి
చెంబుతో నీళ్లు తోడుకుంటున్నారు.
గొలుసుతో నేనూ, కొయ్యలతో పున్నారావూ
మూడు రోజులుగా నడియేటిని వెతుకుతున్నాం.

బెజవాడ దగ్గర పేచీ లేదు.
ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ నడుమ
ఇరుకులో ఏరు చెప్పిన మాట వింటుంది,
ఆనకట్ట అక్కడే కట్టారు అందుకే.
అది దాటితే రాయి లేదు, అంతా ఒండ్రు.
ఒండ్రు మీద సంతకం ఆరదు.

సువార్తమ్మ చేను లంకలో ఎకరం పది సెంట్లు.
అక్టోబరు వరదకి
చేనికి ఉత్తరాన ఉండాల్సిన పాయ
తెల్లారేసరికి దక్షిణాన పారుతోంది.
పసుపు అక్కడే ఉంది, కంద అక్కడే ఉంది,
గుంటూరే
ఏరు దాటి పోయింది.

పట్టా తెనాలిలో. పడవ లేని రోజు
ఆనకట్ట చుట్టి రెండు బస్సులు మారి వెళ్తే
"నీ చేను మా ఒడ్డున లేదు" అంటారు.
ఇవతల గుమస్తా కళ్లజోడు తియ్యకుండానే
"మీరు మా జిల్లా కాదు" అంటాడు.

నాకు తెలిసిన రూలు చెప్పాను:
ఏరు మెల్లగా కోసుకుంటూ జరిగితే
హద్దూ దాని వెంటే జరుగుతుంది.
ఒక్క రాత్రిలో దూకితే
హద్దు పాత చోటే ఉంటుంది.

కంద తవ్వుతున్న గునపం ఆపి నవ్వింది.
"గబుక్కున పోయింది పోనట్టు లెక్కా బాబూ?
అయితే మా ఆయన ఉండాలిగా,
ఆ రాత్రే పడవ విప్పడానికెళ్లాడు."

నేను గొలుసు చుట్టుకున్నాను.
మడతపడ్డ లంకె ఒకటి సరిచేశాను,
అది సరిగానే ఉంది.

పొద్దువాలాక హద్దురాయి పాతాం.
రెండడుగులు తవ్వామో లేదో నీరూరింది,
ఏ వైపు నుంచో చూద్దామని వంగాను.
అన్ని వైపుల నుంచీ.

ఆమె ఇచ్చిన కందదుంప సంచీలో వేసుకుని
పున్నారావు కాళ్లు కడుక్కుంటూ అడిగాడు:
"బత్తెం బిల్లు ఏ జిల్లాకి పెడదాం సార్?"