అర చుట్టు

జ్ఞానాపురంలో డాబా ఎంత తుడిచినా
గంటకల్లా మళ్లీ ఎర్ర దుమ్ము.
ఓడకెక్కాల్సిన ఇనుప ఖనిజం
కొంత మా ఇంటి దగ్గరే దిగిపోతుంది.
దాని మీదే పాత పేపరు పరిచి
ట్యాంకుని వెల్లకిలా పడుకోబెట్టాను,
తాబేలుని తిప్పినట్టు.

రిమోట్ క్లారా చేతిలో ఉంది.
పక్కింటి పిల్ల. పదకొండేళ్లు.
మలుపు తిప్పితే చాలు గొలుసు ఊడిపోతోందని
మూడు రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది.
నేను పోర్టులో బెల్టు ఫిట్టరునని ఎవరు చెప్పారో.
"కన్వేయరు బెల్టూ ఇదీ ఒకటే కదా తాతా?"
ఒకటేనమ్మా.
అది కిలోమీటరు, ఇది జానెడు.

వెనక చక్రం దగ్గర
నువ్వుగింజంత మర.
అలెన్ కీ రెండుసార్లు జారింది, కళ్లద్దాలున్నా సరే.
తిప్పాను. బిగిసింది. ఇంకా తిప్పాను.
ముప్పయ్యేళ్ల అలవాటు ఈ చేతిది,
వదులంటే దానికి గిట్టదు.
వేలితో మీటితే గొలుసు తంబూరా తీగలా పలికింది.
భేష్ అనుకున్నాను.

క్లారా మీట నొక్కింది.
ట్యాంకు నాలుగంగుళాలు కదిలి
మూలిగింది.
కాలిన వాసన, పిల్లి మీసమంత సన్నగా.
"మరీ బిగించేసేవు తాతా. ఏడుస్తంది."

ఆ మాట నేను
ఇంకో గొంతులో విన్నాను.

రాత్రి షిఫ్టు. వాన. మూడో నంబరు గ్యాలరీ.
బెల్టు జారుతోంది, జెట్టీలో ఓడ కాచుకుని ఉంది,
ఫోన్లో పైవాళ్లు.
"ఇంక బిగించొద్దు బాబూ, అతుకు ఏడుస్తంది"
అన్నాడు హెల్పరు గనగళ్ల ఎల్లాజీ.
బిగించరా అన్నాను.
బిగించాడు.

తెల్లారేదాకా పారలతో ఎత్తాం
నేలపాలైన ఖనిజాన్ని.
మెమో ఎల్లాజీ పేరున వచ్చింది.
కాగితం చదివి నావైపు చూశాడు.
నేను చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాను.
చేతులకి గ్రీజు లేదు.

అర చుట్టు వెనక్కి.
చూడు క్లారా, పైన ఈ రెండు బుల్లి చక్రాల మధ్య
గొలుసు కాస్త వాలాలి.
దండెం తడిచీర మోసినట్టు కాదు,
జేబురుమాలు మోసినట్టు.
ఇసకలో దిగాక పళ్ల సందుల్లో ఇసక చేరి
దానంతటదే బిగుస్తుంది,
ఆ చోటు మనం ముందే వదలాలి.
"ఎవరు నేర్పేరు?" అంది.
ఒకడున్నాడు అన్నాను.
ఇంకేదో అడగబోయి
నా మొహం చూసి బ్యాటరీ ఎక్కించుకుంది.

ఆదివారం పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ.
అల వెనక్కి తగ్గిన చోట
అప్పుడే తీసిన అప్పడాల పిండిలా ఇసక.
క్లారా ఎనిమిది అంకె వేయించింది,
తర్వాత తన పేరులో మొదటి అక్షరం,
అదీ సగం వరకే, అల వచ్చి చెరిపేసింది.
గొలుసు ఊడలేదు.

తిన్నగా వదిలితే మాత్రం
కుడికి లాగుతోంది,
ఫిషింగ్ హార్బరు వైపు.
అక్కడ మరబోట్ల వించీలు బాగుచేస్తాడట ఎల్లాజీ.
ఈ పిల్ల పుట్టకముందు నుంచీ వింటున్నాను.
నడిస్తే ఎంత, పావుగంట.

"కుడి గొలుసు ఇంకా బిగువుంది తాతా,
తిప్పవా?"
అలెన్ కీ జేబులోనే ఉంది,
నా వేళ్ల వేడికి వెచ్చగా.
ఉండనీ అన్నాను.
ఎందాకా పోతుందో చూద్దాం.

చెప్పులు చేత్తో పట్టుకుని
దాని వెనకే నడుస్తున్నాం.
ఎండుచేపల వాసన తగులుతోంది.
ఛార్జింగు ఇంకో పది నిమిషాలొస్తుంది
అంటోంది క్లారా.