తాలుకు గడి లేదు

ఎనుమాముల యార్డుల
నా ప్రోగ్రాంల నుంచి మొదటి తక్‌పట్టీ బయటికొచ్చిన పొద్దు
ఆడ్తిదారు లడ్డూ పెట్టిండు.
"బ్రహ్మాండం" అన్నడు సెక్రటరీ, తెర దిక్కు చూడకుండనే.
ఆ ఒక్క మాటను మూడు రోజులు
కొంగున ముడేసుకొని తిరిగిన.

నాలుగో రోజు
కాంటా పక్క నుంచి దడ్వాయి ఓదెలు
షెడ్డంత వినపడేటట్టు అరిసిండు:
"ఎవడు రాసిండ్రా ఈ లెక్క?
మిరపకాయ మొకం చూసినోడేనా వాడు?"
వాడు కాదు,
బారెడు దూరంల నిలబడ్డ నేనని ఆయనకు ఎరుకలేదు.
హమాలీలు నవ్విన్రు.
చాటకూలి ఆడోళ్లు చాటలు ఆపి మరీ నవ్విన్రు.
గాలిల మిర్చి ఘాటు ఉండబట్టి
కండ్లల్ల నీళ్లకు సాకు దొరికింది.

రాత్రి నయీంనగర్ గదిల కూసోని
సెక్రటరీకి ఉత్తరం రాసిన.
ఆరు నెలల నిద్రలు లెక్కగట్టిన,
ఎన్ని వేల వరుసలు రాసిననో చెప్పిన,
కాంటా తప్ప లోకం తెల్వనోళ్లకు
కంప్యూటర్ సంగతి ఎందుకని ముగించిన.
చదువుకుంటే ఎంత ముద్దొచ్చిందో!
పంపే ముందు చాయ్ పెట్టుకుందామని లేచిన.
చాయ్ పొంగింది. పొయ్యి తుడిచిన.
తిరిగొచ్చి చదివితే
ఓదెలు మాటకు అందుల ఒక్క ముక్క జవాబు లేదు.
ఆయనకు ఏం కష్టమొచ్చిందో
నేను అడగనే లేదు.

తెల్లారి పోయి అడిగిన.
అడిగితే అందరూ చెప్పిన్రు.
ఒకాయన అక్షరాలు చిన్నగున్నయన్నడు, నిజమే.
ఒకాయన పచ్చ రంగు పనికిరాదన్నడు,
ఎందుకో చెప్పలేదు.
గుమస్తా కైలాసం కాగితం పుస్తకమే బంగారమన్నడు;
ఆ పుస్తకంల ఆయన చేతివాటం కూడ బంగారమేనని
యార్డంత ఎరుకే.

ఓదెలు మాత్రం నోరిప్పలేదు.
గదువ ఎత్తి చూపిండు.
షెడ్డు మూలకు, నాలుగు బస్తాల నడుమ
బానోతు ద్వాలి.
గూడూరు అవతలి తండా నుంచి వచ్చి
నిన్న పొద్దటి సంది అక్కడ్నే.

నాలుగూ తాలు కాయ.
వానకు నాని, ఎరుపు విరిగి, తెల్లమచ్చలు తేలినయి.
నా తెర మీద తేజ ఉంది, వండర్‌హాట్ ఉంది,
మూడు నలభై ఒకటి ఉంది, చపాట ఉంది.
తాలుకు గడి లేదు.
గడి లేక ధర ఎక్కలేదు,
ధర ఎక్కక పట్టీ రాలేదు,
పట్టీ లేక చేతికి పైసలు రాలేదు,
ఆఖరి బస్సు పోయింది.
ద్వాలి బస్తాకు తల ఆనించి పన్నదట.

"తాలే కదా అని వదిలేసిన" అన్న,
గొంతు నాకే వినపడలేదు.
"తాలుకూ ధర ఉంటది బిడ్డా,
తక్కువుంటది.
లేదని ఎవరన్నరు?"

బస్తా మీదనే ల్యాప్‌టాప్ పెట్టి గడి చేర్చిన.
పదకొండు నిమిషాలు, ఏడు తుమ్ములు.
ద్వాలి పట్టీని నాలుగు మడతలు పెట్టి
రైకల దోపుకొని పోయింది.
లడ్డూ ఎవరూ పెట్టలేదు.

పచ్చ రంగు మాట ఇంకా తేలలేదు.
పారబొయ్యలేదు, ఒక మూలకు పోసిపెట్టిన.

కాంటా సరిజేసుకుంట
నా దిక్కు చూడకుండనే అడిగిండు ఓదెలు:
"బస్తాకు తరుగు ఎంత పట్టినవ్?"
"కిలో."
"గోనెకా, ప్లాస్టిక్ సంచికా?"

నోరు తెరిచిన.
మూసుకున్న.
నోటుబుక్కు తీసిన.