నాలుగో విజిల్

మల్కాపురం బడి ఆటల హాలు.
పైన రేకులు, నాలుగు పక్కలా నున్నటి సిమెంటు.
నేనొక్క విజిల్ వేస్తే
నాలుగు తిరిగొచ్చేవి.
పిల్లలు నాలుగోదానికి ఆగేవాళ్లు.

కోడిగుడ్ల అట్టలు అంటించాం. ఊడిపోయాయి,
గోల మాత్రం ఊడలేదు.
చివరికి చిట్టివలస గోనెల్లో
నేవీ వేలంలో కొన్న పరుపుల దూది కూరి
పైడియ్య మేస్త్రీ నేనూ
గోడకి అరచేతి ఎడంలో వేలాడదీశాం.

మధ్యలో నిలబడి ఒక్క చప్పట చరిచాను.
వెళ్లింది.
మరి రాలేదు.
హార్బరులో ఏదో ఓడ కూసింది, అంతే.

సోమవారం ఏడో తరగతి హాజరు.
నూకరత్నానికి జూన్ నుంచీ
ఆబ్సెంటే వేస్తున్నాను.
"ఒచ్చేన్సార్"
అంది,
రోజూ అన్నంత మెల్లగానే.