వెనక మాడు

మా కామాక్షి ఏడవదు.
"ఎంత బుద్ధిమంతురాలే" అని
జువ్వలదిన్నె ఆడోళ్ళంతా మెటికలు విరిచిపోయినారు.
పాలకు నేనే లేపాల.
కళ్ళల్లో పసుపు నెల దాటినా దిగలా.

మా అత్త ఆవులమ్మ
ముందు మాడుకు ఆముదం అద్ది
వేలు వెనక్కి జార్చి, ఆగిపోయింది.
"ఇదేందే, ఇక్కడింకో వాకిలి తెరిచే ఉండాది!"

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కళ్ళు మూసుకొని బిడ్డ తల తడిమింది,
చీకట్లో గొళ్ళెం వెతుక్కునే మనిషి మాదిరి.
గొంతులోకి దిగాల్సిన థైరాయిడ్
నాలుక మొదట్లోనే ఆగిపోయిందంట.
అది పంపే కబురు చాలక
పుర్రె ఎముకలు నిదరపోతున్నాయంట,
అంచుకి అంచు చేరకుండా.

"ఉప్పు కయ్యల్లో గల్లుప్పే తిన్నాను మేడం, దానివల్లనా?"
"కాదమ్మా. నువ్వేం చెయ్యలా."
ఆ మాటే నములుకుంటా
బస్సులో అల్లూరు దాకా వచ్చినాను.

రోజుకి సగం మాత్ర.
మా ఆయన రవణయ్య టేకుముక్క మీద పెట్టి
బ్లేడుతో కోస్తాడు.
రాలిన పొడి కూడా వేలికి అద్ది
చెంచాలో కలుపుతాడు, చనుబాలతో.

ఒక రాత్రి అడిగేసినాను:
"మొత్తం ఏస్తే బిరీన మూసుకోదా?"

పలకలేదు. నన్ను దొడ్లోకి తీసకపోయి
సగం కట్టిన పడవ మీద నా చెయ్యి పెట్టినాడు.
పలకకీ పలకకీ నడుమ నా గోరు దూరింది.
"ఎండు చెక్కకి దూది బిర్రుగా దట్టిస్తే
చూసేదానికి బాగుంటాది.
నీళ్ళు తాగి ఉబ్బినప్పుడు చోటేదీ?
మేకుల్ని పీకుద్ది. లేదా పలకే చీలుద్ది."

డాక్టరమ్మ చెప్పిందీ అదే.
మందు ఎక్కువైతే అతుకులు ముందే బిగుసుకుంటాయి,
లోపల మెదడు పెరుగుతుంటాది,
ఇల్లు పెరగదు.

ఇరవయ్యో రోజో, ఇంకో రెండు దాటినాకో,
నడిరేయి కామాక్షి ఏడ్చింది,
పక్కింటోళ్ళు లైటేసేంత.
అత్త లేచి కూర్చొని
"కడుపు నిండా ఏడువు తల్లా" అనింది.

వెనక వాకిలి ఇప్పుడు నా చిటికెన గోరంత.
ముందు మాడు ఇంకా కొట్టుకుంటానే ఉండాది.
దాన్ని ఎవరూ తొందరపెట్టం.

నెలకోసారి తల చుట్టూ టేపు పట్టి
పడవ మూడో పక్కబద్ద మీద
పెన్సిలుతో రాస్తాడు రవణయ్య.
పడవ మొన్న కృష్ణపట్నానికి పోయింది.
ఆ అంకెలు ఏ చెక్క కొలతలో
కొన్నాయన అడగలా.
మేం చెప్పలా.