తోడు

ఎల్డొరెట్ ల్యాబులో రాత్రి పదకొండు.
అమ్మ పంపిన సొరబుర్ర పాలు,
బుర్ర లోపల బొగ్గుపూత, పుల్లటి పొగవాసన.
జెరోటిచ్ వాటిని కాచి,
సూక్ష్మజీవుల్ని చంపి, వడగట్టింది.
మిగిలింది గుక్కెడు లేతపసుపు తేట.

"చచ్చాక ఇంకేం పనికొస్తాయే అవి?"
ఫోన్లో అమ్మ.

గాజుపళ్లెంలో పేగు కణాలు.
సగానికి తేట, సగానికి ఉత్త ఉప్పునీరు.
ఆపైన వైరస్.

మూడోనాటికి
ఉప్పునీటి వైపంతా చిల్లులు.
ఇటువైపు కొన్ని నిలబడ్డాయి.
కొన్నే.

అంకెలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించింది.
ఒక్కటి రాయలేదు:
తమ్ముడు కిప్రోనో, పద్నాలుగు నెలలు,
విరేచనాలు, తెల్లారకముందే.

పొద్దున్నే తనే ఫోన్ చేసింది.
"అమ్మా, బుర్ర పూర్తిగా కడిగేయకు.
అడుగున కాస్త ఉండనీ,
తోడుకి."