అరసున్న

ఇంటర్లో నేను ఫ్రెంచి తీసుకున్నది మార్కుల కోసం.
నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.
రెండేళ్లలో ఒక్కసారి కూడా
ఆ భాషని మనిషి నోట వినలేదు.
గైడులో ఉచ్చారణ తెలుగులో వేసేవారు,
వేసినవాడూ విన్నట్టు లేదు.

ఇప్పుడు కాశీబుగ్గలో,
జీడి బట్టీల వెనక సందులో,
సాయంత్రం అయిదింటికి టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చుతాను.
చాప మీద నలుగురు:
మా మోక్షిత, మేడ మీది కవలలు,
దాలమ్మ మనవడు ఢిల్లేసు.
వాడికి మూడున్నర. ముక్కు కారని రోజు లేదు.

తెర మీద కుందేలొకటి రొట్టెముక్క వెతుక్కుంటుంది.
నేను అర్థం చెప్పను.
చెబితే కుందేల్ని వదిలేసి నా మొహం చూస్తారు.
పక్కన కూచుని నేనూ వెతుకుతాను.
పది నిమిషాలే. తర్వాత టీవీ కట్టేసి
ఢిల్లేసుని కుందేలు చేసి
బన్ను ముక్క మంచం కింద దాస్తాం.
కొన్ని రోజులు ఇదేదీ జరగదు.
నోళ్లు తెరుచుకుని వలలో చేపల్లా చూస్తుంటారు,
ఆ రోజు రెండో నిమిషానికే కట్టేస్తాను.

"ఇంగ్లీషు చెప్పొచ్చు గదా, ఫీజైనా ఇద్దుం"
అంటుంది కవలల తల్లి.
ఇంగ్లీషు ఎలాగూ వీళ్ల వెంటపడి వస్తుంది,
బ్యాగు మోయిస్తుంది, టై కట్టిస్తుంది.
ఇది మాత్రం ఆడుకోడానికొచ్చి
దీపాలవేళకి ఇంటికెళ్లిపోతుంది.

"పాన్" అన్నాను ఒకసారి రొట్టెని చూపించి,
గైడులో ఉన్నట్టే.
ఢిల్లేసు నాకేసి జాలిగా చూసి
"పాఁ" అన్నాడు.
రొట్టె వాడి ముక్కులోంచి గుండ్రంగా దిగింది.

ఇదెక్కడో విన్నానే అనుకున్నాను.
ఇప్పుడెవరూ రాయట్లేదని
మాస్టారు బోర్డు మీద తుడిచేసిన సగం సున్న!
పుస్తకం వదిలాక అదెక్కడికీ పోలేదు,
దాలమ్మ "ఏఁటే" అన్నప్పుడల్లా
ముక్కుపుడక వెనకాలే ఉంది.

మే నెలలో వాడికి దాహమేసింది.
"ఓ" అన్నాడు.
"ఓయ్, ఏఁట్రా" అంది దాలమ్మ.
"ఓ!"
"ఇక్కడే ఉన్నాను గదరా."
"ఓ!" ఏడుపు.
నీళ్లడుగుతున్నాడని నేను చెబితే
గ్లాసు ముంచుతూ అంది:
"నీళ్లకి ఓ అంతే, మరి పిలిస్తే ఏటని పలుకుతారమ్మా?"
నా తొంభై ఎనిమిది మార్కుల్లో
దానికి జవాబు లేదు.

నిన్న తెర మీద పసుపు రెక్కలు.
పిల్లలు నలుగురూ ఒక్కసారే
"పాపియోఁ!"
గుమ్మంలో దాలమ్మ,
జీడి రసానికి మాడిన వేళ్లకి
బూడిద రాసుకుంటోంది.
"సీతాకోకచిలుకమ్మా" అన్నాను.

"తిత్లీ అన్నా అదేనంట గదా" అంది.

నేను టీవీ గొంతు తగ్గించాను.
"ఎనభై సెంట్లు, మా అయ్య ఏసిన తోట.
తెల్లారేసరికి ఏళ్లు ఆకాశంకేసి.
పేరెట్టినోడు ఒక్కపాలొచ్చి సూస్తే బాగున్ను."
ఆ తోట ఉన్నన్నాళ్లూ తన పిక్కలు తనే అమ్మింది.
ఇప్పుడు ఎవరివో ఒలుస్తుంది, కిలోల లెక్కన.

ఢిల్లేసు అప్పటికి పుట్టలేదు.
వాడు లేచెళ్లి
ఆవిడ రెండు చేతులూ పట్టుకుని
బొటనవేలికి బొటనవేలు చేర్చి
నల్లటి రెక్కలు విప్పాడు.
"పాపియోఁ."
ఆడించమన్నట్టు చూశాడు.

ఆవిడ ఆడించలేదు, చేతులు వెనక్కి తీసుకోనూ లేదు.
చాలాసేపటికి మెల్లగా
"పాపియోఁ" అంది.
చివరి సున్న ఎంత బాగా పడిందంటే
నేను మళ్లీ అనడానికి సిగ్గుపడ్డాను.

కరెంటు పోయింది.
చీకట్లో పిల్లలు మంచం కింద దూరి బన్ను వెతుకుతున్నారు.
మనవడి ముక్కు చెంగుతో తుడుస్తూ అంది:
"రేపింకోటెయ్యమ్మా.
గాలి నేంది."