పాతిపెట్టిన చక్రం

మక్గాడిక్గాడి ఉప్పుబీడు
పైకి అప్పడంలా తెల్లగా, పెళపెళలాడుతూ.
కింద బూడిదరంగు బురద,
నమ్మించి మింగే రకం.

మూడింటికి మా లాండ్‌క్రూజర్ ఇరుసు దాకా దిగబడింది.
వెనక మంచుపెట్టెలో గాలికుంటు టీకాలు,
మూడు వందల ఆవులకి.
తొక్కు, ఇంకా తొక్కు అన్నాను.
కెలాపిలే ఇంజను ఆపేసింది.
"తొక్కేకొద్దీ లోతుకి పోతాం, ఒటెంగ్."

ఆవిడ పేరుకి మా భాషలో 'అలసిపోయాను' అని అర్థం.
నాలుగో కాన్పు తరవాత వాళ్లమ్మ పెట్టిందట.
ఉన్న అలుపంతా ఆ తల్లే వాడేసిందేమో,
ఈవిడకి మిగల్లేదు.

ముందు టైర్లలో గాలి తీసింది.
జాకీ పెడితే జాకీయే దిగింది.
వించి కొక్కెం తగిలించడానికి
చెట్టు లేదు, రాయి లేదు,
కనుచూపుమేర ఆకాశం తప్ప ఏమీ లేదు.

"స్టెప్నీ దించు."

ఏడేళ్లుగా బండి వీపున కూర్చుని
ఊరికే తిరిగిన చక్రం.
నేల ముఖం చూడలేదు.
దానికింకా ఫ్యాక్టరీలో మొలిచిన
రబ్బరు మీసాలు.
"నడుం కాదు, మోకాళ్లు వంచు.
మోయకు, దొర్లించు.
పడితే పడనీ, పాదం మాత్రం అడ్డం పెట్టకు."

బండికి ముప్ఫై అడుగుల ముందు
నడుం లోతు గొయ్యి.
రెండు గంటలు.
పార ఎత్తిన ప్రతిసారీ బురద సగం వెనక్కి జారేది.
చక్రం బొక్కలోంచి పట్టీ దూర్చి
గొయ్యి గోడకి ఆనించి, మట్టి కప్పి, తొక్కాం.
ఎవరినో పాతిపెడుతున్నట్టే ఉంది నాకు.
పైకి అనలేదు.

ఇనుపతాడు తగిలించాక
తన దుప్పటి తెచ్చి తాడు నడుమ వేసింది.
"తెగితే ఇది కిందికి నొక్కుతుంది, కాస్తైనా."
నేను తాడు దాటబోయాను.
చొక్కా పట్టి లాగింది.
గుండీ ఊడి ఉప్పులో పడింది.
"మా తమ్ముడు కూడా ఇలాగే దాటాడు."
అంతే. ఆ పైన మాట లేదు.
నన్ను దూరంగా, పక్కకి నిలబెట్టి
బానెట్ పైకెత్తి
దాని చాటున తను కూర్చుంది.

వించి మూలిగింది. తాడు సన్నగా పాడింది.
దుప్పటి అంచు వణికింది.
చాలాసేపు ఏమీ కాలేదు.
తరవాత బురద ఒక్కసారి చప్పరించి
బండిని వదిలేసింది.
మట్టి కింద ఆ చక్రం
అంగుళమైనా జరగలేదు.

పొద్దు వాలుతోంది.
చక్రం తవ్వి తీశాం. పోదాం పద అన్నాను.
పార మళ్లీ నా చేతికిచ్చింది.
"గొయ్యి పూడ్చు.
చారలగుర్రాలు ఈ దారినే వస్తాయి.
కాలు విరిగితే వాటికి జాకీ ఎవరు పెడతారు?"

చీకట్లో స్టెప్నీ బిగించాను,
నట్లు ఒక్కొక్కటీ తడుముకుంటూ.
మంచు కరిగిందా అని అడిగింది.
సగం, అన్నాను.
గుండీ లేని చోట
గాలి చల్లగా తగులుతోంది.